ఆషాఢంలో చదివింపులు

ఆ రోజుల్లో నీకు చేతకాని పని ఏదైనా ఉందా అని ఎవరైనా అడిగితే, కాసేపు నిజాయితీగా ఆలోచించి, లేదనే చెప్పేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ల వయసు, తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన ఒక మిద్దె మీది చిన్న ఆఫీసులో ఉద్యోగం, నెత్తిన కావలసినంత జుట్టు. మా నాయన లెక్కలో నేను ‘కంప్యూటర్ల పని’ చేసేవాణ్ణి. అంటే బంధువుల ఇళ్లలో ప్రింటర్లు బాగుచెయ్యడం, రైలు టికెట్లు తీసిపెట్టడం నా బాధ్యతలు. నా లెక్కలో మాత్రం నేను ప్రపంచాన్ని నడిపే గుంపులో ఒకణ్ణి. ఉత్తరాలు, పట్టికలు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దానికి యజమాని అంటూ ఎవరూ లేరు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. చేతనైనవాళ్లు లోపలి కోడు విప్పి చూసి, తప్పుంటే సరిచేసి, ఆ సవరణ తిరిగి పంపవచ్చు. గుంపులో అనుభవమున్నవాళ్లు దాన్ని పరీక్షించి, బాగుంటే కలుపుకుంటారు, లేకుంటే మర్యాదగా తిప్పి పంపుతారు. ఓపెన్ సోర్స్ అంటే ఇదే. (మా అవ్వకు దీన్ని ఊరుమ్మడి బావి అని చెప్పాను. “మరి పూడిక ఎవురు తీస్తార్రా?” అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు మా గుంపు ఇప్పటికీ వెతుకుతూనే ఉంది.) ఆఫీసు పని అయ్యాక నేను ఈ బావి పూడిక తీస్తూ ఉండేవాణ్ణి.

ఆ గుంపుకు దేశదేశాల్లో ప్రాంతీయ శాఖలున్నాయి. మా వైపు లేదు. ఒక శనివారం సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని జరుపుకునే సమావేశంలో, బయటి దేశాల పెద్దలు మెల్లగా ఒక మాట అన్నారు: తిరుపతి, చిత్తూరు వాళ్లు మద్రాసు శాఖలో కలిసిపోతే సరిపోతుంది కదా, నాలుగు గంటల ప్రయాణమే కదా అని. నాకు ఎక్కడో కాలింది. ఒక పక్క మద్రాసు, ఒక పక్క బెంగుళూరు, మధ్యలో మేము. అందరికీ మేమంటే దారిలో ఆగి కాఫీ తాగి పోయే చోటే. “మా ప్రాంతంలో మేమే సమావేశం జరిపి చూపిస్తాం,” అన్నాను. వాళ్లు వెంటనే షరతు చెప్పారు. ఒక రోజు సమావేశం పెట్టాలి. కొత్తవాళ్లు రావాలి. ఆ రోజే వాళ్ల చేతుల మీదుగా సవరణలు వెళ్లాలి, వాటిలో కొన్నైనా పనికొచ్చేవి అయి ఉండాలి. తమ మనిషి ఒకరు వచ్చి చూస్తారు. కుదిరితే మాకు సొంత శాఖ. కుదరకపోతే గొణగకుండా మద్రాసులో కలవాలి. సరేనన్నాను. సమావేశం ముగిశాక, పక్క కుర్చీలోని కేబుల్ (నా ఆఫీసు మిత్రుడు, ఎక్కడికెళ్లినా సంచి నిండా రకరకాల తీగలుంటాయి) నావైపు తిరిగి, “మనోళ్లు ఎంతమంది ఉండారప్పా?” అని అడిగాడు. “మనిద్దరం,” అన్నాను. వాడు సంచిలోంచి ఒక తీగ తీసి చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు.

మనుషులను పోగేయడం అంత కష్టం కాలేదు. చిత్తూరు, మదనపల్లె కాలేజీలు తిరిగాం, ఏర్పేడు దగ్గరి పెద్ద విద్యాసంస్థ పిల్లలకు చెప్పాం, గూడూరు దాకా కబురు వెళ్లింది. కష్టమైంది చోటు. తిరుపతిలో హాలు అడిగితే యాత్రికుల ధర చెప్పారు. కాలేజీని అడిగితే ముఖ్య అతిథి ఎవరని అడిగారు. మా గుంపులో పెద్దా చిన్నా ఉండరండీ, వేదికే ఉండదండీ అంటే, అలాంటి సభకు హాలెందుకని వాళ్ల సందేహం. అప్పుడు ఫోన్ చేశాడు మా మేనమామ.

మా మేనమామది పాకాల. ఆయన బతుకుతెరువు ఎరువుల అంగడి. ఆయన బతుకు మాత్రం చదివింపులు. మా వైపు పెళ్లిళ్లలో చుట్టాలు కానుకలిచ్చేటప్పుడు, ఇచ్చినవాళ్ల ఊరూ, తండ్రి పేరూ, ఇచ్చిన వస్తువూ మైకులో గట్టిగా చదువుతారు. ఆ చదవడంలో చుట్టుపక్కల మామను మించినవాడు లేడు. మామ చదివితే స్టీలు గిన్నె ఇచ్చినవాడు కూడా ఏనుగును ఇచ్చినంత దర్జాగా వేదిక దిగేవాడు. ఊళ్లో అందరూ ఆయన్ని మైకు మామ అంటారు. ఏడాది పొడుగునా పెళ్లి పందిళ్లలో మోగే ఆ గొంతుకు ఆషాఢ మాసంలో పని ఉండదు. అదే ఆయన్ను నా దగ్గరికి తెచ్చింది.

“అల్లుడూ, ఆసాడంలో పెట్టుకో,” అన్నాడు ఫోన్లో. “మా ఊరి కల్యాణ మండపం ఊరికే పడుండాది. వంటాయన ఊరికే కూసోనుండాడు. నేనూ ఊరికే ఉండా. పాకాల జంక్షను గదా, నాలుగు తట్ల నుంచీ రైల్లొస్తాయి. ఇంగేం గావల్ల నీకు?”

ఇంకేమీ అక్కర్లేదని నాకూ అనిపించింది. మంచి పని శూన్యమాసంలో మొదలుపెడతావా అని అమ్మ అడిగితే, మా గుంపులో సగం దేశాలకు అది వేసవి సెలవుల కాలమని జవాబిచ్చాను. (అది జవాబు కాదని అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు.) మామకు మాత్రం ఒక్కటి గట్టిగా చెప్పాను: మైకు వద్దు, ఉపన్యాసాలు వద్దు, అందరూ బల్లల చుట్టూ కూర్చుని పని చేసుకుంటారు. మామ నొచ్చుకున్నాడు. “మైకు ల్యాకుండా మండపమా? సావింటికి పొయ్యొచ్చినట్టుంటాది,” అన్నాడు. మంచినీళ్లు ఎక్కడున్నాయి, భోజనం ఎప్పుడు అనేవి చెప్పడానికి మాత్రం మైకు ఉండొచ్చని చివరికి ఒప్పుకున్నాను.

ఆ రోజు ఉదయం నుంచే జనం రావడం మొదలైంది, అదీ నేను అనుకున్నదానికంటే ఎక్కువగా. నేను వాకిట్లో నిలబడి, పెళ్లికొడుకు తండ్రిలా అందరినీ లోపలికి పంపుతున్నాను. పరిశీలించడానికి గుంపు తరఫున పోర్చుగల్ నుంచి ఒకావిడ వచ్చింది. పొడుగాటి మనిషి, మాట పొదుపు. మామ ఆమెను సాదరంగా తీసుకెళ్లి వేదిక మీద పెళ్లికూతురి సింహాసనంలో కూర్చోబెట్టాడు. పెద్దా చిన్నా లేని గుంపు అని నేను ఊరంతా చాటిన మాట అక్కడితో సరి. ఆవిడ మర్యాదకు ఒక ఫొటో దిగి, మెల్లగా కిందికి దిగి పిల్లల మధ్య కూర్చుంది.

కాస్త ఆలస్యంగా గూడూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, వెంట వాళ్ల నాన్న. ఆయన అక్కడ నిమ్మకాయల మండీలో వ్యాపారి. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు. మెడలో వేసుకునే అట్టముక్క ఆయనకూ ఒకటిచ్చాడు కేబుల్, వచ్చినవాళ్లందరికీ ఇచ్చినట్టే. ‘మీరు పనిచేసే విభాగం’ అన్న చోట ఆయన ఆలోచించి ‘నిమ్మకాయలు’ అని రాశాడు. నన్ను పక్కకు పిలిచి, “పోయినేడు మద్రాసులో ఇట్లాంటిదే ఉండాదని మా పాప ఒకటే పోరు అబ్బయా. పంపలేదు. తెలీని ఊరు, తెలీని మనుషులు. పాకాలంటే సరే గానీ, నేనూ వస్తానన్నా. ఈడ కూసోవచ్చునా?” అన్నాడు. సంతోషంగా కూర్చోమన్నాను. ఆయన వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చుని, కూతురు కూర్చున్న బల్ల వైపే చూస్తూ ఉండిపోయాడు.

పొద్దుటి పూట అంతా బ్రహ్మాండంగా జరుగుతోందనుకున్నాను. సవరణ ఎలా చెయ్యాలో నేనూ కేబులూ వివరించాం. అందరూ తలలూపారు. అర్థమైందా అంటే అయిందన్నారు. సందేహాలున్నాయా అంటే లేవన్నారు. ఇంత తెలివైన జనం నాలుగు గంటల దూరంలో ఎక్కడా దొరకరని నేను పోర్చుగల్ ఆవిడ వైపు గర్వంగా చూశాను. ఆవిడ మాత్రం బల్ల బల్లకూ తిరిగి, వాళ్ల కంప్యూటర్లు చూసి వచ్చి, “ఎవరూ ఏమీ పంపలేదు,” అంది. వెళ్లి చూస్తే నిజమే. అందరూ ఏదో ఒకటి తెరిచి పెట్టుకున్నారు గాని, ఒక్కరూ పంపే మీట నొక్కడం లేదు. తప్పయితే లోకమంతా నవ్వుతుందేమోనని భయం. పక్కవాడు పంపితే చూసి పంపుదామని ఒకడు, వీడు పంపితే చూద్దామని పక్కవాడు.

అప్పటికి భోజనాల వేళయింది. వంటాయనకు ఉపాహారం అంటే తెలియదు, ఆయనకు వచ్చింది పెళ్లి భోజనం ఒక్కటే. పులిహోర, వడ, పప్పు, వంకాయ కూర, వేరుశనగల ఊరిబిండి పచ్చడి, రసం, పాయసం, పైన గడ్డపెరుగు. నెల రోజులుగా వండక చేతులు దురద పెట్టిన మనిషి, తినేవాళ్లు వద్దన్నా వినలేదు. పోర్చుగల్ ఆవిడ ఊరిబిండి మూడోసారి అడిగేసరికి ఆయన జన్మ ధన్యమైంది. అంతా అయ్యాక హాల్లోకి వచ్చి చూస్తే, నా అంతర్జాతీయ సమావేశం జంపఖానాల మీద పడి నిద్రపోతోంది. ఒక ఏర్పేడు కుర్రాడు ఒడిలో కంప్యూటర్ అలాగే ఉంచుకుని గురక పెడుతున్నాడు. మేలుకొని పని చేస్తున్నది గూడూరు అమ్మాయి ఒక్కతే. సాయంత్రానికి మద్రాసు శాఖలో కలిసిపోతున్నట్టు కళ్లకు కట్టింది.

ఆ సమయంలో మామ వచ్చి, “ఏందల్లుడూ, మొగం అట్లుండాది? ఎవురన్నా ఏమన్నా ఇచ్చినారా, ల్యాదా?” అన్నాడు. అప్పుడే నిద్ర లేచిన మదనపల్లె కుర్రాడొకడు ధైర్యం చేసి ఒక సవరణ పంపాడు. ఒక మీట నొక్కితే వచ్చే సందేశంలో మాట ఎగిరిపోయి ఉంటే సరిచేశాడు, అంతే. మామకు అదే చెప్పాను. మామ వాడి దగ్గరికి వెళ్లి ఏదో అడిగి, తిన్నగా మైకు దగ్గరికి నడిచాడు. నేను ఆపేలోపే గొంతు సవరించుకున్నాడు.

“పెద్దలకూ పిన్నలకూ మనవీ! మదనపల్లె కాపురస్తులు, రిటైర్డు లైన్‌మన్...” అని వాళ్ల నాన్న పేరు చదివి, “గారి ద్వితీయ కుమారుడు చిరంజీవి...” అని వాడి పేరు చదివి, ఒక్క క్షణం ఆగి, “చదివించిన సవరణ... ఒకటీ!” అన్నాడు.

మండపం అదిరింది. పడుకున్నవాళ్లంతా ఉలిక్కిపడి లేచారు. ఎవరో చప్పట్లు కొట్టారు. మదనపల్లె కుర్రాడు సిగ్గుతో ఎర్రబడి లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక అన్ని దిక్కులకూ నమస్కారం పెట్టాడు. ఆ తరువాత జరిగింది నేను ఏ దేశపు సమావేశంలోనూ చూడలేదు. పక్కవాడి పేరు మైకులో మోగాక తన పేరు మోగకుండా ఊరుకునే మనిషి మా జిల్లాలో ఇంకా పుట్టలేదు. చిత్తూరు బల్ల నుంచి ఒకటి, వెంటనే ఏర్పేడు బల్ల నుంచి రెండు. మామ దగ్గర జనం వరస కట్టారు. ఆయన ఒక్కొక్కరిదీ ఊరూ, తండ్రి పేరూ అడిగి, ఒక్కరికీ తక్కువ చెయ్యకుండా అదే ఠీవితో చదువుతున్నాడు. పీలేరు కుర్రాడు తండ్రి పేరుకు ముందు ‘మాజీ సర్పంచి’ చేర్చి మళ్లీ చదవమని పట్టుబట్టాడు. నేను పోర్చుగల్ ఆవిడ పక్కన నిలబడి, ఇది మా ప్రాంతపు ప్రత్యేక పద్ధతి అని, చాలాకాలంగా ఆలోచించి పెట్టిందే అన్నట్టు వివరించాను. ఆవిడ కళ్లు పెద్దవి చేసుకుని చూసింది.

ఉన్నట్టుండి ఎవరి సవరణలూ వెళ్లడం మానేశాయి. మండపంలో అందరికీ ఇంటర్నెట్ ఒక్కటే. ఒకే చోటి నుంచి చిల్లర సవరణలు వానలా పడుతుంటే, ఇది మనుషుల పని కాదు, ఏదో యంత్రం దాడి చేస్తోందని అవతలి కాపలా ప్రోగ్రాం నిర్ణయించుకుని వాకిలి మూసేసింది. పోర్చుగల్ ఆవిడ ఫోన్ మోగడం మొదలైంది. ఆవిడ పక్కకు వెళ్లి మాట్లాడి, వచ్చిన సవరణలు కొన్ని తెరిచి చూసింది. ఒకరు ఖాళీ చోటు తీసేశారు, ఇంకొకరు దాన్ని మళ్లీ పెట్టారు. చిత్తూరు కుర్రాడు తన పేరు నాలుగుసార్లు మోగాలని ఒకే సవరణను నాలుగు ముక్కలు చేశాడు. ఆవిడ నన్ను నెమ్మదిగానే అడిగింది: “మీవాళ్లకు పని కావాలా, పేరు కావాలా?”

మామ పక్కనే ఉన్నాడు. “ఏమంటాండాది ఆయమ్మ?” అన్నాడు. చెప్పాను.

మామకు కోపం వచ్చింది గాని, అది ఆవిడ మీద కాదు. “పేరొద్దనుకున్నోడు హుండీలో ఏసి పోతాడు గానీ మైకు కాడికెందుకొస్తాడు? పేరు గావాలనుకునేది తప్పు గాదని చెప్పాయమ్మకు. కానీ అల్లుడూ, ఈడ నాకొగటి అర్తం గాలా. అందురూ ఇస్తానే ఉండారు. పుచ్చుకునింది ఎవురు? మనం ఒగరి పెండ్లికి పొయ్యి చదివిస్తే, మనింట్లో కార్యానికి వాళ్లొచ్చి చదివించల్ల. ఈడ ఎవురూ ఎవురింటికీ పోలా. ఇదేం సంబడం?”

ఆ మాట నాకు సగమే అర్థమైంది. ఆ వయసులో నాకు సగం చాలు. మైకు అందుకుని ప్రకటించాను. ఇప్పటినుంచి పంపగానే పేరు చదవరు. హాల్లో ఇంకెవరైనా కూర్చుని ఆ సవరణను పరీక్షించి, బాగుందని చెప్పాలి. అప్పుడు చేసినవాళ్ల పేరూ, చూసినవాళ్ల పేరూ రెండూ కలిపి చదువుతారు. ఒకరు నీది చూస్తే నువ్వు ఇంకొకరిది చూసిపెట్టాలి. మామ మొహం వెలిగిపోయింది. జంటగా పేర్లు చదవడం ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన పని.

హాలు స్వరూపమే మారిపోయింది. పొద్దున్నుంచీ ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు కుర్చీలు లాక్కుని పక్కపక్కన చేరారు. ఎక్కడో ఉన్న తెల్లవాళ్ల ముందు తప్పు చెయ్యడానికి భయపడినవాళ్లు, పక్క ఊరివాడితో ధైర్యంగా పోట్లాడారు. “ఇదేందప్పా ఇట్ల రాసినావు, ఇది ఆడుండల్ల గదా,” అంటే “సూడు, సరింగా సూడు, ఆడే ఉండాది,” అని ఒకటే గోల. చెత్త చెత్తబుట్టలోకి పోయింది. పక్కవాడి కళ్ల ముందు పెట్టడానికి సిగ్గుపడి చాలామంది తమవి తామే వెనక్కి తీసుకున్నారు. చిత్తూరు కుర్రాడి నాలుగు ముక్కలూ మళ్లీ ఒక్కటయ్యాయి. పోర్చుగల్ ఆవిడ ఇదంతా చాలాసేపు చూసి, బయటికెళ్లి ఎవరెవరితోనో గట్టిగా మాట్లాడి వాకిలి తెరిపించింది. ఈసారి వెళ్లినవి తక్కువే. కాని అవతలి నుంచి ఒక్కొక్కటికీ ‘బాగుంది, కలుపుకున్నాం’ అని జవాబు వస్తుంటే, మామ ఒక్కో జంట పేర్లు చదువుతుంటే, నాకు కడుపు నిండిపోయింది.

రైళ్ల వేళ దగ్గరపడ్డాక కేబుల్ పరుగున వచ్చాడు. గూడూరు అమ్మాయి పొద్దున్నుంచీ ఒకే ఒక్క దాని మీద కూర్చుంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు రాసి, చిన్న రసీదు కాగితం మీద అచ్చు తీస్తే, అక్షరాల కిందుండే వత్తులు తెగిపోయేవి. వాళ్ల నాన్న మండీ రసీదుల్లో చూసి పట్టుకుందట. ఎందరో ఏళ్లుగా చూసి సర్దుకుపోయిన తప్పు. కేబుల్ రెండుసార్లు పరీక్షించాడు, తప్పు పట్టలేకపోయాడు. అవతలివాళ్ల జవాబు కూడా వచ్చేసింది, కలుపుకున్నామని. చూసినవాడిగా తన పేరు వద్దని, ఆమె పేరు ఒక్కటే చాలని మామతో చెప్పాడు.

మామ మైకు ముందు నిటారుగా నిలబడ్డాడు. “గూడూరు కాపురస్తులు, నిమ్మకాయల మండీ వర్తకులు...” అని ఆయన పేరు చదివి, “గారి ఏకైక కుమార్తె, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి...” అన్నాడు. (ఆడపిల్ల పేరుకు ముందు ఇంకేం చదవాలో పాపం ఆయనకు తెలియదు, తెలిసినవన్నీ శుభలేఖలే.) హాలంతా నవ్వింది. అమ్మాయి తల వంచుకుంది. మామ ఆమె పేరు పలికి, “మన తెలుగోళ్లందరికీ చదివించిన సవరణ... ఒకటీ!” అన్నాడు.

వెనక వరసలో ఆమె తండ్రి లేచి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో నేను చూడలేదు. “ఇంకొక్కసారి చదవండి సామీ,” అన్నాడు. మామ జీవితంలో ఎన్ని వేల పేర్లు చదివాడో గాని, ఎవరూ డబ్బు పెంచకుండా, బిరుదు చేర్చకుండా, ఉన్నది ఉన్నట్టు ఇంకోసారి చదవమని అడిగి ఉండరు. మళ్లీ చదివాడు. ఈసారి నిదానంగా చదివాడు. ఎవరూ నవ్వలేదు. నాకు కళ్లు చెమర్చాయని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు; అప్పుడు మాత్రం కంట్లో దుమ్ము పడిందన్నాను.

పోర్చుగల్ ఆవిడ ఆయన దగ్గరికి వెళ్లి, నన్ను మధ్యలో నిలబెట్టి అడిగింది: “మీ అమ్మాయి చాలా బాగా చేసింది. వచ్చే సమావేశం మద్రాసులో పెడితే పంపుతారా?” నేను తెలుగులో చెప్పాను. ఆయన మర్యాదకు పంపుతానని అబద్ధమాడితే మా శాఖ పోయినట్టే, పంపనని నిజం చెబితే ఆవిడ ఏమనుకుంటుందో తెలియదు.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, “ఆడికి పంపనమ్మా,” అన్నాడు. కూతురి వైపు, మామ వైపు, ఆ బల్లల వైపు ఒకసారి చూశాడు. “ఈడికైతే నేను రాకపోయినా పంపిస్తా.”

ఆ మాటను పోర్చుగల్ ఆవిడకు చెప్పడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఆవిడ తలూపింది. మా ప్రాంతానికి సొంత శాఖ ఎందుకో నేను సమావేశాల్లో ఎన్నో కారణాలు చెప్పాను, బొమ్మలతో, పటాలతో సహా. ఆవిడ వాటిలో ఒక్కటి కూడా మళ్లీ అడగలేదు. ప్లాట్‌ఫారం మీద రైలు కదులుతుండగా కిటికీలోంచి, “శాఖ మీదే. ఆ మైకు మాత్రం మానకండి,” అంది.

ఇన్నేళ్లలో చాలా సమావేశాలు జరిపాను. ఇప్పుడు నేను పెద్దమనిషిని; ఏ పనైనా ‘చూద్దాం’ అంటాను, ‘అవుతుంది’ అనడానికి నలుగురిని అడుగుతాను. ఏమీ తెలియకుండా అన్నీ ఒప్పేసుకున్న ఆ కుర్రవాడు తలుపు తోసుకుని వస్తే, వాడిని ఏ కమిటీలోనూ వేసుకోను గాని, పక్కన కూర్చోబెట్టుకుని రెండు కబుర్లు చెప్పించుకుంటాను. ఎంతమంది వచ్చారు, ఎంతమంది రాలేదు అని లెక్కపెట్టుకుని దిగులుపడటం సమావేశాలు జరిపేవాళ్ల జబ్బు. నాకూ ఉంది. కాని ఆ మరుసటి ఏడు పాకాల స్టేషన్లో, గూడూరు నుంచి వచ్చే పిల్లల కోసం నిలబడినప్పుడు, ఆ అమ్మాయి సంచి భుజాన వేసుకుని దిగింది. ఆమె వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని పెట్టె ఖాళీ అయ్యేదాకా చూశాను. ఎవరూ దిగలేదు. ఒక మనిషి రాలేదని నేను అంతగా సంతోషపడింది ఆ ఒక్కసారే.